మెట్ల మీద శుక్రవారం

ఇది మహాకావ్యం. ముందే చెబుతున్నాను, మంచినీళ్ళు తాగి కూర్చోండి. ఇందులో ఇరవై ఏళ్ళయినా చల్లారని పగ ఉంది. కోట ముట్టడి ఉంది. కోట బయట పట్టుబట్టలు కట్టిన సైన్యం, లోపల ఒంటరిగా ఒక స్త్రీ, మధ్యలో ఇనుప ద్వారం. సముద్రాలు దాటి వచ్చిన ధర్మాధికారి కూడా ఉన్నాడు.

సరే, అంత లేదు. కోట అంటే కువైట్‌లో ఒక ప్రైవేటు స్కూలు ఆడిటోరియం. ఇనుప ద్వారం అంటే గ్రిల్లు గేటు. ధర్మాధికారి అంటే బిషప్పు గారు, ఆయనకి షుగరు. ఒంటరి స్త్రీ అంటే ఆ స్కూల్లో ఫరాషా, అంటే నేలలు తుడిచి, టీలు కాచే మనిషి. ముట్టడి జరుగుతున్నంతసేపూ ఆమె చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంది.

ఆమె పోయిందని మొన్న వాట్సాప్‌లో చూశాను. రాయచోటి దగ్గర వాళ్ళ ఊళ్ళోనే పోయిందట. కబురు కింద దండాల బొమ్మలు వరసగా పడ్డాయి. అందులో ఒక దండం సెక్రటరీ గారిది. ఆ దండం చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ఆమె పేరు రాయను, తనకి ఇష్టం ఉండేది కాదు. సెక్రటరీ గారి పేరూ రాయను, తన పేరు ఎక్కడ అచ్చయినా ఆయనకి సంతోషం కాబట్టి. ఇందులో ఒకే ఒక్క పేరు ఉంటుంది. అది ఓబులమ్మ.

నేను సబ్హాన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డిజైనర్ని. చుట్టూ గోడౌన్లు, మధ్యలో మా ప్రెస్సు, అందులో తెలుగు టైపింగ్ వచ్చిన ఒకే ఒక్క ప్రాణిని. మాది కోనసీమ, ఇంట్లో సత్యనారాయణ వ్రతాలు చేసుకునే వాళ్ళం. అయినా కువైట్‌లో తెలుగు ఆంగ్లికన్ సంఘం రజతోత్సవ గ్రంథం నా టేబుల్ మీదే పడింది. బిషప్పు, పొడుగు అంగీలు, పుస్తకం చూసి వరస తప్పకుండా చేసే ఆరాధన, అదీ ఆ సంఘం పద్ధతి. గ్రంథం పేరు ‘సంఘ చరిత్ర, ఆలయముల చరిత్ర’. రాసింది సెక్రటరీ గారు. ఆయన ఆయిల్ కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. తొంభైల మొదట్లో, యుద్ధం అయిపోయి ఊరు మళ్ళీ నిండుతున్న రోజుల్నించీ ఆయనే సెక్రటరీ. మధ్యలో అయ్యగార్లు, అంటే పాస్టర్లు, మారారు, ఆయన మారలేదు.

ఆలయముల చరిత్ర అన్నారు గాని సొంత ఆలయం ఒక్కటీ లేదు. మొదటి ఆలయం ఫర్వానియాలో ఒక ఫ్లాటులో హాలు. రాత్రి మగవాళ్ళు వరసగా పడుకునే పరుపుల్ని శుక్రవారం పొద్దున్నే గోడకి పేర్చి, మీద తెల్ల దుప్పటి కప్పితే అదే పవిత్ర స్థలం. ఇస్త్రీ బల్ల మీద గుడ్డ పరిస్తే అదే ప్రభువు బల్ల. ఆ బిల్డింగు కాపలావాడు ఒకరోజు ‘ఖలాస్’ అన్నాడు. రెండో ఆలయం ఒక విల్లా కింద నేలమాళిగ. కప్పు ఎంత కిందికి ఉండేదంటే పొడుగువాళ్ళందరూ తల వంచుకునే పాడేవారు, చూసేవాళ్ళు భక్తి అనుకునేవారు. మూడోది ఈ స్కూలు ఆడిటోరియం. వార్షికోత్సవానికి పిల్లలు స్టేజీ వెనక గీసిన అడవి తెర ఒకసారి తీయడం మర్చిపోతే, అయ్యగారు నెలంతా సింహం ముందు నిలబడి ప్రసంగం చేశారు. మొత్తమ్మీద ఆ గ్రంథం, ఖాళీ చేసిన ఇళ్ళ చరిత్ర.

మూడో ఆలయం ఫోటోలు తీయడానికి స్కూలుకి వెళ్ళిన రోజే ఆమెని మొదటిసారి చూశాను. పొట్టి మనిషి. నుదుట రూపాయంత బొట్టు. నడుముకి తాళాల గుత్తి. నడుస్తుంటే ఎద్దు వస్తున్నట్టు చప్పుడు. మెట్ల కింద ఆమె గది, గదిలో వెంకటేశ్వరస్వామి పటం, పటం ముందు బ్యాటరీ దీపం.

“నమస్తే పెద్దమ్మా, హాలు తాళం కావాలి.”

“ఎవురికి పెద్దమ్మను నేను? నీకా, మీ నాయనకా?”

అప్పట్నించీ అక్కా అన్నాను.

“అక్కా, ఇది చర్చి కదా. తాళాలు మీ దగ్గరెందుకున్నాయి?”

“స్కూలు వాళ్ళది, నేను స్కూలు మనిషిని. చర్చి వాళ్ళు శుక్రవారం వస్తారు, పోతారు. నేను ఈడే ఉంటా.”

ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ జవాబు వెనక ఏముందో తెలియడానికి నాకు నాలుగు శుక్రవారాలు పట్టింది. ఫోటోలు తీసే వంకతో ఆరాధనకి వెళ్ళాను, అక్కడ నేను చూసినవి ఏ చరిత్రలోనూ లేవు.

సెక్రటరీ గారు అందరికంటే ముందు వచ్చేవారు, కుర్చీలు సర్దాలి కాబట్టి. ఆయన గేటు ముందు నిలబడితే లోపల ఆమె తాళాలు ఒక్కోటీ ఎత్తి వెలుగులో చూసేది. “ఇది కాదే... ఇదీ కాదు...” రెండో మనిషి కారు దిగేదాకా ఆ గుత్తిలో సరైన తాళంచెవి దొరికేది కాదు. రెండో మనిషి దిగగానే దొరికేది. ఇన్నేళ్ళలో ఆయన ఒకసారి పంచాంగం చూసినట్టు గడియారం చూసుకుని, పావుగంట ఆలస్యంగా వచ్చి చూశారట. ఆ రోజు అందరూ లోపల ఉన్నారు, గేటుకి మళ్ళీ తాళం పడి ఉంది.

లోపల ఆయన కుర్చీ ఏదో అందరికీ తెలుసు, ముందు వరసలో మొదటిది. దాని మీదికి ఏసీ గొట్టం మూతి ఎప్పుడు తిప్పిందో ఎవరికీ తెలియదు. ఆగస్టులో, తారు రోడ్డు మెత్తబడే ఎండలో, కువైట్ మొత్తం మీద చేతుల్లేని స్వెట్టరు వేసుకుని గుడికెళ్ళే మనిషి ఆయనొక్కడే. కుర్చీ మార్చుకోవచ్చుగా అంటారేమో. ముందు వరస మొదటి కుర్చీ వదులుకోవడం కంటే ఆయనకి న్యుమోనియా నయం.

ఆరాధన జరుగుతున్నప్పుడు ఆమె వెనక గోడకి ఆనుకుని నిలబడేది. పాటలన్నీ వచ్చు, గొంతెత్తి పాడేది. పరలోక ప్రార్థన కూడా వచ్చు. అయితే అందులో తప్పు చేసినవాళ్ళని మేము క్షమించినట్టే మమ్మల్నీ క్షమించమనే మాట ఒకటి ఉంటుంది కదా, అక్కడికి రాగానే నోరు మూసేది. రైలు చిన్న స్టేషను దాటినట్టు ఆ వాక్యం దాటాక మళ్ళీ అందుకునేది. రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారానికి ముందు పక్కవాళ్ళకి నమస్కారం పెట్టి ‘సమాధానం’, అంటే శాంతి, చెప్పుకునే ఆనవాయితీ ఉంది. ఆమె హాలంతా తిరిగి, చంటిపిల్లలక్కూడా చెప్పేది. ఒక్క కుర్చీని మాత్రం స్తంభాన్ని చుట్టినట్టు చుట్టి వెళ్ళేది.

అయ్యగారు యువకుడు, కొత్తగా వచ్చాడు. ఆమెకి బాప్తిస్మం ఇవ్వాలని ఆయన ఆశ. నా ఎదురుగానే అడిగాడు.

“అమ్మా, ఇన్నేళ్ళుగా వింటున్నారు. పాటలన్నీ మాకంటే బాగా వచ్చు. ఇంకా ఏమిటి ఆటంకం?”

“మీ మతంలోకి వస్తే క్షమించల్ల గదయ్యగారూ?”

“అది ఆజ్ఞ కదమ్మా.”

“అదే ఆటంకం. మాదాంట్లో ఆ నిర్బంధం ల్యా. పాము పగ పన్నెండేళ్ళు. పన్నెండూ అయిపోతే మళ్ళీ మొదుట్నుంచి.”

“యేసు ప్రభువు మీద మీకు...”

“ఆ సామి మంచోడే. చుట్టూ చేరినోళ్ళతోనే వచ్చింది చిక్కు.”

అయ్యగారు ఆ వారం ప్రసంగం సర్పాల మీద చేశాడు.

ఆ పగ సంగతి ఆమే చెప్పింది, గ్రంథం రెండో అధ్యాయం ప్రూఫు చదివి వినిపించమన్న రోజు. మెట్ల కింద గదిలో నల్ల టీ పోసింది. నేను చదివాను: “ప్రభువు కృపవలన సంఘము నేలమాళిగనుండి విశాలమైన నూతన ఆలయమునకు తరలెను.”

“ఆగు. మళ్ళ చదువు.”

మళ్ళీ చదివాను.

“కృప యాడుండె ఆ పొద్దు? మెట్ల మీద మేముంటిమి. మాకు కనపళ్ళేదే!”

అప్పట్లో ఆమె ఒక కువైటీ ఇంట్లో వంటపని. పక్క విల్లాలో ఓబులమ్మ. ఇద్దరిదీ కడప జిల్లా, ఇద్దరి ఊళ్ళకీ మధ్య ఒక గుట్ట. నెలకి ఒక్క శుక్రవారం సెలవు, ఆఖరి శుక్రవారం. ఇంటి డ్రైవరు పొద్దున దింపి, పొద్దుమునిగాక ఎక్కించుకుంటాడు. ఆ ఒక్క రోజు ఎక్కడికి పోవాలి? తెలుగు వినపడేది ఆ నేలమాళిగలోనే. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు నెలాఖరుకి పోలోమని వచ్చేవారు. కొందరు క్రైస్తవులు, కొందరు వీళ్ళలా బొట్టువాళ్ళు. గట్టిగా పాడేవారు, ఏడ్చేవారు, తెచ్చుకున్న అన్నం పంచుకు తినేవారు, సాయంత్రం దాకా లేచేవారు కాదు. లేచి ఎక్కడికి పోతారు?

వాళ్ళలో ఎవరో ఒకామె ఒక నెల తిరిగి పని ఇంటికి వెళ్ళలేదు. పోలీసులు వచ్చి విల్లా ముందు అడిగి వెళ్ళారు. తర్వాతి నెలలో సంఘం స్కూలు హాలుకి మారింది.

“మూడు వారాలు ప్రకటన చేశాం అంటాడు ఆయప్ప. చేసినారు, కాదన్ల్యా. ఆ మూడు వారాలూ వచ్చేది సూట్లోళ్ళు. మేము వచ్చేది నాలుగో వారం. తలుపుకి ఒగ కాయితం అంటించినా సాలు. ఎవురన్నా ఒగ మనిషి నిలబడినా సాలు.”

నాలుగో వారం జూన్ నెల. డ్రైవర్లు దింపి వెళ్ళిపోయారు. నేలమాళిగకి తాళం. సెల్‌ఫోన్లు లేని కాలం, ఉన్నా వాళ్ళకి ఎవరిస్తారు? తోవ తెలియదు. సాయంత్రం దాకా ఆ మెట్ల మీదే. మెట్ల మీద నీడ పొద్దున కాసేపు ఉంటుంది, తర్వాత ఉండదు.

“ఓబులమ్మకు ఆడికి రావాలని ల్యా. తలకాయ నొప్పి, పడుకుంటా అనె. నేనే రా రా అని లాక్కొస్తి. మధ్యానానికి పడిపోయ. నోట్లో నురగ. ఎదురింటి ఈజిప్టు ఆయమ్మ నీళ్ళు తెచ్చి పోస్తే కండ్లు తెరిచె.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది. వాళ్ళ మామాకు, ఆ ఇంటి యజమానమ్మకు, తెలిసె. వీధిలో పడేదానికి సెలవెందుకు అని ఖలాస్, సెలవు బంద్. గోడ ఈ పక్క నేను, ఆ పక్క ఆయమ్మ. గుడ్డలు ఆరేసేటప్పుడు గొంతు వినపడేది. తర్వాత ఆ ఇంటోళ్ళు ఇల్లు మారి యాడికో పోయిరి. ఆయమ్మ ఉందో, ఊరు చేరిందో, నాకు తెలీదు. గుట్ట దాటి వాళ్ళూర్లో అడిగిపిస్తి. రాలేదనిరి.”

నా టీ చల్లారిపోతే ఆమె మళ్ళీ కాచింది. నేను ఇలాంటిచోట సాధారణంగా ఒక జోకు వేస్తాను. వెయ్యలేదు, ఆమె చేతిలో వేడి గిన్నె ఉంది.

కొన్నేళ్ళకి ఆమె మామా ముసలితనంతో పోతే, కొడుకులు రిలీజ్ ఇచ్చారు. ఎక్కడైనా పనికి చేరవచ్చు. ఇంటి వంటకంటే తక్కువ జీతానికి వెతుక్కుంటూ వచ్చి ఈ స్కూల్లో చేరింది. మొదటి శుక్రవారం గేటు అవతల సెక్రటరీ గారు నిలబడి, “అమ్మా, కొత్తగా చేరారా?” అన్నారట.

“గుర్తు పట్టలే. ఎన్నో నెలలు ఆయప్ప ముందరే కూచుని పాడినా. మొగం గుర్తులే. అప్పుడే అనుకుంటి, గుర్తు చేస్తాలే అని. నిదానంగా చేస్తా అని.”

“ఇప్పుడు ఏం కావాలి అక్కా?”

“ఆ కృప పక్కన ఒగ మాట రాయి. ‘తెలిసే ఓబులమ్మను మెట్ల మీద ఇడిచిపెట్టి వస్తిమి’ అని. నా పేరు వద్దు. ఆయమ్మ పేరు ఉండల్ల. యాడన్నా ఉంటే, ఎవురన్నా సదివి చెప్తారు.”

ఇది ఆమె అడిగిన ఒకే ఒక్క సంగతి.

రాశాను. ప్రూఫు పంపాను. ఎర్ర గీతతో తిరిగొచ్చింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎర్ర గీత. మూడోసారి సెక్రటరీ గారే స్వయంగా ప్రెస్సుకి వచ్చారు. సబ్హాన్ ఎండలో చెమటలు కక్కుతూ, పాపం, ఒక్కసారి స్వెట్టరు లేకుండా చూశాను.

“బాబూ, సంఘ చరిత్ర అంటే దేవుడి మహిమ కనపడాలండీ. మెట్లు కనపడకూడదు.”

“ఆయ్, మెట్లు లేకుండా నేలమాళిగలోకి ఎలా దిగారండీ?”

“మీరు హిందువులు కదా, మా లోపలి విషయాలు మీకెందుకు చెప్పండి?”

“ఆమె కూడా హిందువేనండి. బయట ఉండిపోయినావిడ కూడా.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “అది పొరపాటండీ. ప్రకటన చేశాం. నెలకోసారి వచ్చేవాళ్ళ సంగతి తట్టలేదు,” అన్నారు. తట్టకపోవడం నిజమే అయితే అద్దాలు అంతసేపు తుడవక్కర్లేదు. మా మేనేజరు వాళ్ళ వైపే, ఎందుకంటే పని ఇచ్చింది వాళ్ళు. గ్రంథం కృపతోనే అచ్చయింది. మంచి మందమైన ఆర్టు కాగితం.

ఇక ముట్టడి.

రజతోత్సవం ఏప్రిల్ ఆఖరి శుక్రవారం. ఎండ ఇంకా పూర్తిగా డ్యూటీ ఎక్కలేదు గాని, యూనిఫాం వేసుకుంది. నేను గ్రంథాల కట్టలు వ్యానులో వేసుకుని వెళ్ళేసరికి గేటు ముందు జనం. పట్టుచీరలు, కోట్లు, పూలదండలు, మధ్యలో ఊదారంగు చొక్కాలో బిషప్పు గారు. ఆయన దొర, తెలుగు రాదు. గ్రిల్లు అవతల నీడలో కుర్చీ వేసుకుని ఆమె. ఒళ్ళో చిక్కుడుకాయల బేసిను. స్కూలు కాపలావాడు జుమ్మా నమాజుకి వెళ్ళాడు. ఆ వేళ తనొక్కతే ఉంటుందని ఆమెకి తెలుసు. నిదానంగా చేస్తానంది కదా, ఈ ముహూర్తం దాకా ఆగింది.

“అమ్మా, తాళం తియ్యండి,” అన్నారు సెక్రటరీ గారు.

“తీస్తా. తొందర ల్యా. ఆ పొద్దు యేం జరిగిందో ఒగ మాట చెప్పండి, తీస్తా.”

“ఏ పొద్దమ్మా?”

“మెట్ల పొద్దు.”

జనంలో పాతవాళ్ళు నేల చూశారు. కొత్తవాళ్ళు పాతవాళ్ళని చూశారు.

“మూడు వారాలు ప్రకటన చేశామమ్మా...”

“నెలకొగసారి వచ్చేటోళ్ళకు మూడు వారాలు చెప్తే, ఎవురికి చెప్పినట్ల?” చిక్కుడుకాయ ఈనె లాగింది. “నాకు పనేం ల్యా. ఇంగా రొన్ని కాయలుండాయి.”

అయ్యగారు గ్రిల్లు పట్టుకుని, “అమ్మా, ప్రభువు ఇల్లమ్మా ఇది,” అన్నాడు.

“స్కూలోళ్ళదయ్యగారూ. ఆ సామి కూడా మీతోపాటు బయటే ఉండాడు, అడగండి.”

చెమటకి పూలదండలు వాలాయి. ఒక పెద్దావిడ కారు నీడ వెతుక్కుంది. వెనకనించి సెక్రటరీ గారి భార్య గొంతు: “చెప్పెయ్యండీ! ఇన్నేళ్ళుగా నిద్రలో నాతో చెబుతూనే ఉన్నారుగా! బిషప్పు గారికి షుగరండీ!”

ఆయన వెనక్కి తిరిగి భార్యని చూశారు. ముందుకి తిరిగి గ్రిల్లుని చూశారు. ఏదో గొణిగారు.

“వినపళ్ళే.”

“తెలిసే చేశాం.” ఈసారి వినపడింది. “పనివాళ్ళు ఎక్కువైపోతున్నారు, పోలీసులొస్తారు, మా అందరి ఇఖామాలు పోతాయని, దేశం నుంచి పంపేస్తారని భయపడ్డాం. ఆఖరి వారం మీరొస్తారని తెలుసు. తలుపుకి కాగితం అంటించొద్దని నేనే అన్నాను. కమిటీ కాదు. నేనే. ఓబులమ్మ గారిని... ఆ మెట్ల మీద వదిలేసింది నేనే.”

బిషప్పు గారు అయ్యగారి వైపు వంగి ఇంగ్లీషులో, ఏమంటున్నారని అడిగారు. అయ్యగారు అనువాదం చెప్పాడు: “సంఘ చరిత్ర చెబుతున్నారండి.” బిషప్పు గారు చాలా బాగుందని తలూపారు.

ఆమె లేచి తాళం తీసింది. మొదటి తాళంచెవికే వచ్చింది.

లోపలికి వెళ్ళాక అయ్యగారి మొహం చూడాలి. బాప్తిస్మం తొట్టి ఎక్కడ అద్దెకి దొరుకుతుందో అప్పుడే ఆలోచిస్తున్నట్టున్నాడు. పరలోక ప్రార్థన మొదలైంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చింది. హాలు మొత్తం చెవులు వెనక గోడ వైపు తిరిగాయి. ఆమె నోరు మూసుకుంది. వాక్యం దాటింది. మళ్ళీ అందుకుంది.

సమాధానం చెప్పుకునే వేళ సెక్రటరీ గారే ముందు వరస వదిలి, వెనక దాకా నడిచి వచ్చారు. ఆమె అప్పుడు నేల మీద అతిథుల బూట్ల దుమ్ము తడిగుడ్డతో తుడుస్తోంది. ఆయన చేతులు జోడించారు.

“మీకు సమాధానం కలుగును గాక అమ్మా.”

“కానీండి. మీకు కలిగింది గదా, సాలు. రొంత పక్కకు జరగండి, తడిగా ఉండాది.”

ఆయన జరిగారు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ, రిటైరై రాజమండ్రి వెళ్ళిపోయేదాకా, గేటు మాత్రం సమయానికి తెరుచుకునేది. ఏసీ మూతి అలాగే ఉండేది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక నేనే అడిగాను. “చెప్పేశాడు కదా అక్కా, అందరి ముందూ. ఇంకేంటి?”

చిక్కుడుకాయ కూర, అన్నం నాకు కూడా వడ్డించింది.

“నాకు చెప్పినాడు. ఓబులమ్మకు యాడ చెప్పినాడు?”

“ఆవిడ ఎక్కడుందో తెలీదు కదా.”

“తెలీదు గదా మరి! మాఫీ చేసేది ఆయమ్మ. ఆయమ్మ సొత్తు అది. నేను తీసి వీళ్ళకు పంచిపెడితే, రేపు ఆయమ్మ యెదురొచ్చి ‘నన్నడక్కుండా యెట్ల ఇస్తివే?’ అంటే యేం చెప్పల్ల? లాక్కొచ్చింది నేను గదా.” కూర గిన్నె నా వైపు జరిపింది. “తిను అబ్బోడా. ఉప్పు సాలిందా?”

ఉప్పు ఎక్కువైంది. సరిపోయిందన్నాను.

బాప్తిస్మం తీసుకోకుండానే రెండేళ్ళ తర్వాత ఊరు వెళ్ళిపోయింది, అక్కడే పోయింది. వాట్సాప్‌లో ఎవరో ‘ఆత్మకు శాంతి’ అని పెట్టారు. నాకు తెలిసిన ఆ మనిషికి శాంతి సరిపడదు. గుట్ట దాటి ఆ ఊరి వైపు చూస్తూ ఉంటుంది.

గ్రంథం సంగతి చెప్పి ముగిస్తాను. రజతోత్సవానికి పంచగా మిగిలిన కట్టలు చాలాకాలం మా ప్రెస్సులో మూలన ఉన్నాయి. సంఘం వాళ్ళు తీసుకెళ్ళలేదు, చోటు లేదన్నారు. చివరికి ఫర్వానియాలో కార్గో షాపు నడిపే అతను పట్టుకెళ్ళాడు. ఇంటికి పంపే అట్టపెట్టెల్లో గాజు సామాను చుట్టడానికి న్యూస్‌పేపరు కంటే ఆర్టు కాగితం నయం, గ్లాసులకి సిరా అంటదు.